మన ఇంటిపేరు ఎక్కడిదో వెతకడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం

"మా ఇంటిపేరు ఇదండీ, దీని అర్థమేంటో చెప్పగలరా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడో, పిల్లలు బడి నుంచి ప్రాజెక్టని తెచ్చినప్పుడో ఈ సందేహం వస్తుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే పద్ధతంతా ఒకచోట పెడితే నయమని రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. అర్థం దగ్గర మొదలుపెట్టకండి. నిఘంటువు తీసి గేదెల అంటే గేదెలు, మీసాల అంటే మీసాలు అని రాసుకుంటే ఐదు నిమిషాల్లో పనయిపోతుంది, తెలిసిందేమీ ఉండదు. ఈ పేరు మీ కుటుంబాన్ని ఎక్కడ, ఎప్పటినుంచి పట్టుకుందో ముందు తేల్చండి. అది తేలితే అర్థం చాలాసార్లు దానంతటదే బయటపడుతుంది. తిరగేసి చేస్తే కట్టుకథలే మిగులుతాయి.

ఏమేం కావాలి

- ఒక లావుపాటి నోటుబుక్కు. ఫోనులో రాసుకున్నా పరవాలేదు కానీ, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాయడం మాత్రం మానొద్దు.
- ఇంట్లో ఉన్న పాత కాగితాలు: పట్టాదారు పాసుపుస్తకం, దస్తావేజులు, పన్ను రసీదులు, పెళ్ళి శుభలేఖలు, టీసీలు, పాత రేషన్ కార్డులు.
- మీ ఇంటిపేరు గల పెద్దవాళ్ళు కనీసం ఇద్దరు. ఒకరు మీ ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఒకరు వేరే ఊరు వెళ్ళిపోయిన శాఖవాళ్ళు.
- మీ ఇంట పుట్టి బయటికి పెళ్ళయి వెళ్ళిన మేనత్తో, తాతగారి తోబుట్టువో ఒకరు. ఈవిడ విలువ రెండో మెట్టులో తెలుస్తుంది.
- ఓపిక. తహశీల్దారు ఆఫీసుకి వెళ్ళాల్సి వస్తే ఇంకొంచెం ఎక్కువ.

1. పేరు ఎన్ని రకాలుగా రాశారో చూడండి

దొరికిన ప్రతి కాగితంలోనూ ఇంటిపేరు ఎలా ఉందో అలాగే ఎత్తి రాయండి, సరిదిద్దకండి. మీ నాన్నగారి టీసీలో ఒకలా, తాతగారి దస్తావేజులో ఇంకోలా ఉంటే రెండూ రాయండి. ఇంగ్లీషులో త, ట, థ లకి తేడా కనబడదు, దీర్ఘాలు పోతాయి. ఆ ఇంగ్లీషు నుంచి కంప్యూటరు మళ్ళీ తెలుగులోకి మార్చినప్పుడు పొన్నాడ కాస్తా పొన్నడ అవుతుంది, పతివాడ పథివడ అవుతుంది. భూమి రికార్డులు ఆన్‌లైన్‌లోకి ఎక్కినప్పుడు ఇలాంటివి చాలా జరిగాయి. చేత్తో తెలుగులో రాసిన కాగితం ఎంత పాతదైతే దాన్ని అంత నమ్మండి.

ఖరగ్‌పూర్, కలకత్తా, జంషెడ్‌పూర్, రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవాళ్ళ కుటుంబాల్లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి కాగితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే ఎక్కి ఇంటిపేరు పోయి ఉంటుంది. లేదా పేరు చివరి ముక్కే ఇంటిపేరుగా స్థిరపడి ఉంటుంది. అలాంటి శాఖ వివరం రాసేటప్పుడు సొంతూరి పేరు తప్పకుండా పక్కన పెట్టుకోండి, తర్వాత కలపడానికి అదే ఆధారం.

2. మైల ఎవరికి పడుతుందో అడగండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. "మన వంశం చరిత్ర చెప్పు" అని అడిగితే ముసలివాళ్ళు ఏమీ చెప్పలేరు, లేదా రాజుల కాలం కథ ఒకటి అందుకుంటారు. దానికి బదులు, ఎవరు పోతే మనకి మైల పడుతుంది, ఎవరింట పురుడైతే మనకి పురుడు అని అడగండి. ఎవరు పాలోళ్ళు (ఒకే వంశపు దాయాదులు), ఎవరు కారు అన్నది వాళ్ళకి కంఠతా ఉంటుంది. సమాధానం ఇలా వస్తుంది:

"ఏటి మామ్మా, మన పేరోళ్ళందరికీ మైల పడతాదా?"

"నేదు బాబూ. పడమటింటోళ్ళకీ, ఆ కొత్తూరోళ్ళకీ పడతాది. చెరువుగట్టోళ్ళది మన పేరే గానీ మనకి మైల నేదు. ఆళ్ళు తరవాతొచ్చినోళ్ళు."

ఆ చివరి మాట చూడండి. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, అయినా రెండు వేర్వేరు రాకలు. ఏ కాగితంలోనూ దొరకని సంగతి ఇది. మైల పట్టే ఇళ్ళన్నీ ఒక పేజీలో, పట్టని ఇళ్ళు ఇంకో పేజీలో రాయండి. ఆ తర్వాత ఈ నాలుగూ అడగండి:

- ఇలవేల్పు ఎవరు? పండగనాడు ముందు ఏ పేరంటాలుకి (దేవతగా కొలిచే ముత్తైదువకి) చీర పెడతారు? ఆ పేరంటాలు గుడి ఏ ఊళ్ళో ఉంది?
- గోత్రం ఏమిటి?
- ఇల్లరికం వచ్చినవాళ్ళు, దత్తత వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
- ఊళ్ళో మన ఇంటిని ఏమని పిలుస్తారు? ఇంటిపేరు కాకుండా "మేడింటోళ్ళు", "గెడ్డవతలోళ్ళు" లాంటి పేరేమైనా ఉందా?

ఇల్లరికం గురించి మొహమాటపడకుండా అడగండి. ఇల్లరికపు అల్లుడి పిల్లలకి కొన్ని ఇళ్ళలో తల్లి పుట్టింటి పేరే నిలిచిపోతుంది. దత్తత వెళ్తే ఇంటిపేరు మారిపోతుంది. మీ ముత్తాత ఇల్లరికం వచ్చినవాడైతే, మీరు వెతుకుతున్న ఇంటిపేరు చరిత్ర మీ ముత్తవ్వ పుట్టింటిది అన్నమాట. మగవాళ్ళు ఈ సంగతి దాటవేస్తారు. బయటికి పెళ్ళయి వెళ్ళిన మేనత్తలు మాత్రం దాచరు. అందుకే ఆవిణ్ణి జాబితాలో పెట్టింది.

హెచ్చరిక: పదిమంది కూర్చున్న అరుగు మీద అడగొద్దు. గట్టిగా మాట్లాడే ఒకాయన చెప్పిందే అందరి మాటా అయిపోతుంది. విడివిడిగా అడగండి.

3. ఇంటిపేరునీ బిరుదునీ విడదీయండి

నాయుడు, రావు, దొర, రాజు, పాత్రుడు వంటివి పేరు చివర చేరేవి. వీటి చరిత్ర వెతికి మీ ఇంటి చరిత్ర అనుకోకండి. అయితే ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒక చిక్కుంది. పట్నాయక్, పాత్రో, మహాపాత్రో, బెహరా, దొలై వంటివి అక్కడ ఇంటిపేర్లే. ఒరియా సీమలో ఇవి పదవుల పేర్లుగా మొదలయ్యాయి. పట్నాయక్ అంటే లెక్కలు రాసే ఉద్యోగి, పాత్రో అంటే రాజు దగ్గరి అధికారి. పదవి చాలామందికి ఉంటుంది, చాలా కులాల్లో ఉంటుంది. కాబట్టి ఇద్దరు పట్నాయక్‌లు చుట్టాలు కానక్కర్లేదు. ఈ పేర్లకి మూలపురుషుణ్ణి వెతకడం దండగ. ఏ కొలువులో, ఏ ఊళ్ళో ఆ పని చేశారో వెతకండి.

4. ఊరి పేరేమో చూడండి

తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేర్ల నుంచి వచ్చినవి బోలెడు. మన వైపు ఆడ, వాడ, ఊరు, వలస, పల్లి చివర ఉంటే ముందు ఊరనే అనుమానించండి. పొన్నాడ, ముద్దాడ ఇంటిపేర్లు. అవే పేర్లతో ఎచ్చెర్ల మండలంలో ఊళ్ళున్నాయి. బుడుమూరు ఇంటిపేరూ ఉంది, లావేరు మండలంలో ఊరూ ఉంది.

ఊరి పేరు ఇంటిపేరయ్యేటప్పుడు చివర కొంచెం మారుతుంది. పాడు పాటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, వరం వరపు అవుతుంది. మీ పేరు చివర పాటి ఉంటే జాబితాలో పాడు అని వెతకండి. మన జిల్లాల్లో మార్చకుండా ఊరు అని ఉన్నది ఉన్నట్టు వాడేవాళ్ళూ ఎక్కువే. పొట్నూరు, పొట్నూరి అని ఒకే కుటుంబంలో అన్నదమ్ముల కాగితాలు రెండు రకాలుగా ఉన్నా కంగారు పడొద్దు.

ఎక్కడ వెతకాలి? జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో మండలాల వారీగా రెవెన్యూ గ్రామాలన్నీ ఉంటాయి, 2011వి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీ జిల్లాతో ఆగొద్దు. పాలకొండ, పార్వతీపురం, సాలూరు, కురుపాం 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి, కానీ 2011 పుస్తకాల్లో పాలకొండని శ్రీకాకుళం కింద, మిగతావాటిని విజయనగరం కింద చూడండి. అవతల గంజాం, గజపతి జిల్లాలు, ఇవతల విశాఖ, గోదావరి, కృష్ణా, గుంటూరు దాకా వెళ్ళండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పొన్నాడలో ఉన్నవాళ్ళని పొన్నాడవాళ్ళని ఊళ్ళో ఎవరూ పిలవరు, అందరూ పొన్నాడవాళ్ళే కదా! ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరాక అక్కడివాళ్ళు పెట్టే పేరది. అంటే మీ ఇంటిపేరులో ఉన్న ఊరు మీవాళ్ళు వదిలి వచ్చిన ఊరు. ఆ ఊరు వెళ్ళి "మా పేరోళ్ళు ఎవరున్నారు" అని అడిగితే ఎవరూ లేకపోవచ్చు. దానికి నిరాశపడక్కర్లేదు. అడగాల్సింది మీ ఇలవేల్పు గుడి అక్కడుందా, మీ గోత్రం వాళ్ళున్నారా, ఎవరైనా వెళ్ళిపోయారన్న మాట ఉందా అని.

రెండు ఉదాహరణలు అందరికీ తెలిసినవే. గురజాడ అప్పారావుగారు 1862లో యలమంచిలి దగ్గర ఎస్.రాయవరంలో పుట్టారు, బతుకంతా విజయనగరంతో ముడిపడింది, ఇంటిపేరు మాత్రం కృష్ణా జిల్లా గురజాడది. విజయనగరం రాజుల పూసపాటి పేరు పూసపాడు అనే ఊరిది. ఆ కుటుంబం 1652 ప్రాంతంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఇటు వచ్చి కుమిలి వైపు స్థిరపడింది, విజయనగరం కోట 1713లో మొదలైంది. కోట కట్టినా, సంస్థానం ఏలినా ఇంటిపేరులో వదిలొచ్చిన ఊరే ఉండిపోయింది చూశారా.

ఒకే పేరుతో ఊళ్ళు మూడు నాలుగు దొరికితే దగ్గరున్నదే మనదని తేల్చేయకండి. నాలుగూ రాసి పెట్టుకుని ఆరో మెట్టుకి వెళ్ళండి.

5. తెలుగు కాని పేర్లని తెలుగులో విడగొట్టొద్దు

నిమ్మక అంటే నిమ్మచెట్టు, బిడ్డిక అంటే బిడ్డ అని చెప్పేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. బిడ్డిక, నిమ్మక, మండంగి, ఆరిక వంటివి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ వైపు జాతాపు గిరిజనుల వంశాల పేర్లు, కువి మాట్లాడే కొండవాళ్ళ వంశాలతో సంబంధమున్నవి. వాటి అర్థం తెలుగు నిఘంటువులో వెతికితే దొరకదు, ఆ భాష వచ్చిన పెద్దవాళ్ళనే అడగాలి. సవరల్లో చాలామందికి సవర అన్నదే ఇంటిపేరుగా కాగితాలకెక్కింది. అక్కడ ఇంటిపేరు పట్టుకుని వెతకడం కంటే ఊరు, తాత పేరు పట్టుకుని వెళ్ళడమే దారి.

6. భూమి కాగితాల్లో వెనక్కి వెళ్ళండి

వరస ఇలా పెట్టుకోండి.

మొదట ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో మీ ఊరి 1బీ (ఎవరి పేరున ఏ భూమి ఉందో చెప్పేది), అడంగల్ (సర్వే నంబర్ల వారీగా భూమి, సాగు వివరాలు చెప్పేది). ఇది ఇప్పటి పరిస్థితి మాత్రమే. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. కాబట్టి పాత పాసుపుస్తకంలో ఉన్న సర్వే నంబరు ముందే రాసుకోండి. వెనక్కి వెళ్ళాలంటే పనికొచ్చేది అదే.

తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా). 1983 నుంచి ఉన్నవి ఆన్‌లైన్‌లో చూడొచ్చు, అంతకు ముందువి ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. దస్తావేజు నకలు తీయించుకుంటే "ఫలానా గ్రామం కాపురస్తులు, ఫలానా వారి కుమారులు" అన్న వాక్యం ఉంటుంది. మనకి కావలసింది ఆ ఒక్క వాక్యమే. అమ్మినవాడు ఎక్కడివాడో, కొన్నవాడు ఎక్కడివాడో అందులో తెలిసిపోతుంది.

ఆ తర్వాత సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. మన జిల్లాల్లో ఎక్కువ ఊళ్ళు జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి రైతుల పేర్లు రాసిన రికార్డు ఇది. తహశీల్దారు ఆఫీసులో సర్వే నంబరుతో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీ అడగండి. లేదంటారు. కలెక్టరేట్ రికార్డు రూములో ఉందేమో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో అడిగితే నోటిమాటతోనే పంపేస్తారు.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే ఇనాం భూములున్న కుటుంబాలకి అదృష్టం ఎక్కువ. అగ్రహారాలు, గుడి సేవలు, ఊరి సేవలు చేసిన వృత్తుల వాళ్ళ మాన్యాలు ఈ కోవలోవి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అన్నది రాసి ఉంటుంది. మూడు తరాలు ఒక్క వరుసలో దొరికినట్టే.

ఇక్కడ జిల్లాల సంగతి మర్చిపోతే ఎన్నాళ్ళు వెతికినా దొరకదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట తాలూకాలు గంజాం జిల్లాలో ఉండేవి. అప్పటి కాగితాల మీద గంజాం అనే ఉంటుంది. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. ఇంగ్లీషు రికార్డుల్లో శ్రీకాకుళం ఉండదు, చికకోల్ అని ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చాలా ఉన్నాయి, కానీ ఊరు, తాలూకా, సంవత్సరం చేతిలో లేకుండా అక్కడికి వెళ్తే తిరుగు రైలు ఖర్చు దండగ.

కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. కొన్ని ఊళ్ళలో పాత కరణంగారి ఇంట్లో ఇంకా కట్టలు ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు. తీసుకెళ్తానని మాత్రం అడగొద్దు, ఫోటో తీసుకోండి.

*భూమి లేని కుటుంబాలైతే:* భూమి రికార్డు లేనంత మాత్రాన చరిత్ర లేనట్టు కాదు. ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి, అందులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. పాత ఓటరు జాబితాలు ఇంటి నంబర్ల వరసలో ఉంటాయి కాబట్టి ఒకే పేరువాళ్ళ ఇళ్ళు పక్కపక్కన ఉన్నాయో, రెండు వీధుల్లో విడిపోయాయో కనబడుతుంది. దాన్ని రెండో మెట్టులో రాసిన మైల జాబితాతో పోల్చండి. క్రైస్తవ కుటుంబాలైతే సంఘం పాత రిజిస్టర్లు అడగండి. కెనడియన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్దం చివరి నుంచి శ్రీకాకుళం, బొబ్బిలి వైపు పనిచేసింది.

7. అప్పలస్వాముల చిక్కు విప్పండి

ఇది మన ప్రాంతపు ప్రత్యేకం. సింహాచలం అప్పన్న పేరున అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ. శ్రీకూర్మం పేరున కూర్మారావు, కూర్మినాయుడు. అరసవల్లి పేరున సూర్యనారాయణ. పైడితల్లి పేరున పైడిరాజు, పైడమ్మ. ఒక ఊరి అడంగల్ తీస్తే ఒకే ఇంటిపేరుతో నలుగురు అప్పలస్వాములు కనబడతారు. పైగా తాత పేరు మనవడికి పెడతారు. అప్పలస్వామి కొడుకు రాములు, రాములు కొడుకు అప్పలస్వామి, ఆయన కొడుకు మళ్ళీ రాములు. కాగితంలో "రాములు తండ్రి అప్పలస్వామి" అని చూసి మీ తాత అనుకుంటారు, తీరా అది ఆయన తాతగారి కాగితం.

విరుగుడు ఉంది. ప్రతి పేరుకీ నాలుగు రాయండి: తండ్రి పేరు, భార్య పేరు, సర్వే నంబరు, కాగితం సంవత్సరం. నాలుగింటిలో మూడు కలిస్తేనే ఒకే మనిషి. భార్య పేరు, ఆవిడ పుట్టిల్లు కలిస్తే ఇంక సందేహం అక్కర్లేదు. వంశవృక్షంలో అప్పలస్వామి 1, అప్పలస్వామి 2 అని నంబర్లు వేసుకోండి, సిగ్గేం లేదు.

8. గుళ్ళు, పండాలు, శాసనాలు

పూరీ, కాశీ, గయ వెళ్ళిన తాతలున్నవాళ్ళు అక్కడి పండాల (యాత్రికుల వంశాల పేర్లు రాసి ఉంచే పూజారుల) దగ్గర పుస్తకాలు చూడొచ్చు. ఇంటిపేరు, జిల్లా, ఊరు చెప్తే ఆ ప్రాంతం చూసే పండా దగ్గరికి పంపుతారు. ఊరి పేరు పాత జిల్లాతో సహా చెప్పండి. దక్షిణ ముందే మాట్లాడుకోండి.

శ్రీకూర్మం, ముఖలింగం, సింహాచలం గుళ్ళలో వందల శాసనాలున్నాయి, దక్షిణభారత శాసన సంపుటాల్లో అచ్చయ్యాయి. సరదాగా చూడండి. మీ ఇంటిపేరులాంటి మాట ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి శాసనంలో కనబడితే అది ఊరి పేరు అప్పటికే ఉందనడానికి సాక్ష్యం, మీ తాతల తాత అక్కడ దీపం పెట్టాడనడానికి కాదు.

సరిచూసుకోవడం

మీకు దొరికిన కథని ఈ ప్రశ్నలతో పరీక్షించండి.

- చుట్టరికం లేని ఇద్దరు విడివిడిగా అదే చెప్పారా? ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటే అది ఒక్క సాక్ష్యమే.
- మైల, ఇలవేల్పు, గోత్రం మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయా?
- ఊరు మారిన సంగతి ఒక్క కాగితంలోనైనా ఉందా?
- అదే ఇంటిపేరు వేరే కులాల్లో ఉందా? ఉంటే అది ఊరి పేరయ్యే అవకాశం పెరిగినట్టు. ఒక ఊరి నుంచి కమ్మరీ వెళ్తాడు, కాపూ వెళ్తాడు, ఇద్దరికీ ఆ ఊరి పేరే పడుతుంది. ఇది చూసి "వాళ్ళు మన పేరు పెట్టుకున్నారు" అని కొట్లాటకి దిగేవాళ్ళున్నారు, అనవసరం.
- కథలో మీ పూర్వీకుడు రాజుగారి ప్రాణం కాపాడాడా? బొబ్బిలి యుద్ధంలో కత్తి తిప్పాడా? 1757 జనవరి నాటి ఆ యుద్ధంలో పాల్గొన్నామని చెప్పే ఇంటిపేర్లన్నీ లెక్కేస్తే కోటలో నిలబడ్డానికి చోటు చాలదు. "ఇంట్లో చెప్పుకునే మాట" అని శీర్షిక పెట్టి వేరే పేజీలో రాయండి, కొట్టేయకండి.

గేదెల, పిల్లి, మీసాల లాంటి పేర్లకి ఊరు దొరకకపోతే అది ఒక మనిషికి ఊళ్ళో పడ్డ పేరు అయి ఉండొచ్చు. దాని వెనక కారణం ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరు. అక్కడితో ఆగండి. పాత మాటకి అర్థం కావాలంటే బ్రౌను నిఘంటువు, శబ్దరత్నాకరం చూడండి, రెండూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇప్పుడు వాడని అర్థాలు అందులో దొరుకుతాయి.

రాసి పెట్టుకున్నది మూడు రంగుల్లో గుర్తించండి: కాగితం ఉన్నది, ఇద్దరు చెప్పినది, ఒక్కరే చెప్పినది. నకలు ఒకటి వేరే ఊళ్ళో ఉన్న మీ పాలోళ్ళకి పంపితే వాళ్ళే తప్పులు పట్టి తిరిగి పంపుతారు. పెళ్ళి సంబంధం కోసమే వెతుకుతున్నవాళ్ళు మాత్రం ఈ వంశవృక్షం చూసుకుని ఔననీ కాదనీ తేల్చేయకండి. రెండువైపుల పెద్దవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇలవేల్పు, గోత్రం, మైల అడిగించండి. పేరు ఒకటై మైల పట్టని ఇళ్ళ దగ్గర ఒక్కో ఊళ్ళో ఒక్కో కట్టుబాటు ఉంటుంది, ఆ మాట వాళ్ళే చెప్పాలి.